గోడకు అంటని పొడి

ఆ సంవత్సరం మా ఇంట్లో ఇద్దరికి కుదురు లేదు. మా మామయ్యకు, నాకు.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. కొత్తపేటలో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి మా ఇల్లు. కింద షట్టర్లు కిరాయికిచ్చాం, మొదటి అంతస్తులో ఆయన, ఆ పైన నేనూ మా ఆయనా. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఫొటోలో తప్ప నేను చూడలేదు. ఇప్పుడు మా ఇల్లూ, దాని వెనక అపార్ట్‌మెంట్లూ ఉన్న జాగా అంతా ఒకప్పుడు వాళ్ళ ద్రాక్షతోట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ తోటలే ఉండేవని మామయ్య చెబితే మొదట్లో నేను నమ్మలేదు. తోట పోయాక ఆయన దగ్గర్లోనే ఉన్న పండ్ల మార్కెట్టులో కమీషన్ వ్యాపారం చేశారు. మోకాళ్ళ నొప్పులొచ్చి దుకాణం వేరేవాళ్ళకు అప్పగించిన తర్వాత కూడా తెల్లవారేసరికి మార్కెట్టులో ఉండాల్సిందే. అక్కడ ఆయనకు పనేమీ లేదు. లారీల నుంచి సరుకు దిగుతుంటే నిలబడి చూసేవారు, ఎవరి కాయ ఎట్లా ఉందో చెప్పేవారు, చాయ్ తాగి ఎండెక్కకముందే ఇంటికొచ్చేవారు.

ఆ మార్కెట్టును ఊరి బయటికి, విజయవాడ రోడ్డు మీదకి మార్చేశారు. "గాడికి నేను జన్మల పోను" అన్నారు మామయ్య. అన్నట్టే పోలేదు. కానీ పొద్దున్నే లేచే అలవాటు ఎక్కడికి పోతుంది? చీకటి విడకముందే గేటు గొళ్ళెం చప్పుడయ్యేది. సందు చివరిదాకా వెళ్ళి వచ్చేవారు. మళ్ళీ గొళ్ళెం. చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు మూత తీసి చూసి, దిగి వచ్చేవారు. ఇంకాసేపటికి మళ్ళీ గొళ్ళెం. కొన్నాళ్ళు మెట్రో ఎక్కడం మొదలుపెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి మూసారాంబాగ్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీదికెళ్ళి, వచ్చిన దారినే తిరిగి వచ్చేవారు. ఎందుకు వెళ్ళారని మా ఆయన అడిగితే, "ఊకెనే" అనేవారు.

నా సంగతి వేరు. నాకు వెళ్ళడానికి చోటుంది, చెయ్యడానికి పనుంది. ఆ పనే నన్ను నిలవనివ్వడం లేదు.

నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర. కెమిస్ట్రీలో పరిశోధన చేయడానికి హైదరాబాదు వచ్చాను. చదువుకునేటప్పటి పరిచయమే పెళ్ళయింది. నాచారంలో ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. పాలిథీన్ తయారుచేసే ఫ్యాక్టరీలకు కావలసిన ఉత్ప్రేరకాన్ని తయారుచెయ్యడం మా పని. మా సార్, నేను, నల్గొండ వైపు నుంచి వచ్చిన నా సహోద్యోగిని, ముగ్గురమే ఆ ప్రాజెక్టులో ఉండేవాళ్ళం. వానాకాలం మొదలయ్యేనాటికి మా ఉత్ప్రేరకం బాగానే పనిచేస్తోంది. కానీ రియాక్టర్ మూత తీసిన ప్రతిసారీ లోపలి గోడకు ఒక పొర అంటుకుని ఉండేది. అడుగంటిన గంజిలా, తెల్లగా, గట్టిగా. ఇత్తడి గరిటెతో గోకి తీసేవాళ్ళం. గోకుతున్నంతసేపూ నా పళ్ళు జివ్వుమనేవి.

ఒకరోజు పొద్దున ఐదింటికే లేచి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి కూడా గుర్తులేదు. డాబా మీదికి పోతున్న మామయ్య తలుపు దగ్గర ఆగారు.

"పాలు పొంగుతున్నయ్ బిడ్డా."

పరుగెత్తి స్టవ్ కట్టేశాను. ఆయన లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కూర్చుని కూడా మోకాలు ఆడిస్తూనే ఉన్నారు.

"ఏందమ్మా, నీకు గూడ కాలు నిలుస్తలేదు? ఆఫీసుల పరేషానా?"

"అంతే మామయ్యా. పనిలో ఒక చిక్కు వచ్చింది. తెగడం లేదు."

"ఆడ మీరు ఏం తయారు జేస్తరో నాకు ఇంతవరకు సమజ్ కాలే. మావోడు ప్లాస్టిక్ అన్నడు."

"ప్లాస్టిక్ కాదు, దాన్ని తయారుచేసేది. ఇథిలీన్ అని ఒక గ్యాసు ఉంటుంది. మాదాన్ని కొంచెం అందులో వేస్తే, ఆ గ్యాసు గొలుసులు గొలుసులుగా అతుక్కుని పాలిథీన్ అవుతుంది."

"పాలల్ల తోడేసినట్టా?"

"దాదాపు అంతే. తోడు తనూ పెరిగి పెరుగవుతుంది. ఇది పెరగదు. వేసింది వేసినంతే ఉంటుంది, గొలుసులు అల్లుతూ పోతుంది."

ఇథిలీన్ పేరు వినగానే ఆయన తల ఊపారు. మామిడికాయ మగ్గబెట్టడానికి ఇప్పుడు మార్కెట్టులో వాడే గ్యాసు అదే. "గా గ్యాసేనా" అన్నారు. అదే గ్యాసని చెబితే ఆయన మోకాలు ఆడించడం ఆపారు. అప్పుడు నాకు కూడా చెప్పాలనిపించింది. టీ పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను.

పాతకాలం నుంచి వాడే ఉత్ప్రేరకాల్లో గొలుసు అల్లే చోట్లు రకరకాలుగా ఉంటాయి. ఒక చోట పొడుగు గొలుసు వస్తుంది, ఇంకోచోట పొట్టిది. కొమ్మలున్నవి కొన్ని, లేనివి కొన్ని. అన్నీ కలగాపులగం. మేము చేసే దాన్ని మెటలోసీన్ అంటారు. రెండు ఉంగరాల్లాంటి అణువుల మధ్య జిర్కోనియం అనే లోహపు పరమాణువు ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దాని పక్కన ఒకే ఒక్క ఖాళీ. గ్యాసు ఆ ఖాళీలోకి వచ్చి గొలుసులో చేరుతుంది, ఖాళీ మళ్ళీ తెరుచుకుంటుంది, ఇంకొకటి వస్తుంది. అన్ని పరమాణువులూ అలాంటివే కనుక గొలుసులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా వస్తాయి. ఆ పాలిథీన్‌తో చేసిన సంచీ పలచగా ఉన్నా చిరగదు, తక్కువ వేడికే మూతి గట్టిగా అతుక్కుంటుంది.

"మంచిదే గదా. మరి చిక్కేంది?"

"అది ద్రవంలో కరిగి ఉంటే మరీ జోరుగా పనిచేస్తుంది మామయ్యా. పాలిథీన్ దూదిలా వచ్చేసి గోడకు పట్టేస్తుంది. గోడకు పడితే లోపలి వేడి బయటికి పోదు. ఉండలు కడుతుంది. ఫ్యాక్టరీలో అట్లా అయితే మొత్తం ఆపి కడుక్కోవాలి. అందుకని దాన్ని సిలికా గింజల మీద కూర్చోబెడతాం. మెత్తటి ఇసుక లాంటిది, గింజ నిండా సందులుంటాయి."

"పందిరి లెక్క" అన్నారాయన వెంటనే. "తీగె కింద పడితే కాయ మురుగుతది. పందిరెక్కిస్తే మంచిగుంటది."

"పందిరే. కానీ ఇక్కడ తీగ పెరుగుతూ పెరుగుతూ పందిరిని విరిచేస్తుంది. సందుల్లో పాలిథీన్ ఉబ్బి, గింజ లోపల్నుంచి ముక్కలైపోతుంది. ఆ ముక్కలు పాలిథీన్‌లోనే ఉండిపోతాయి."

"విరిగినంక ఎట్ల నిలవడతది?"

"అప్పటికి పాలిథీనే వాటిని పట్టి ఉంచుతుంది. గింజ ఏ ఆకారంలో ఉంటే, అదే ఆకారంలో పెద్దదవుతుంది. గుండ్రటి గింజకు గుండ్రటి గింజ వస్తుంది. పొడిపొడిగా, గోడకు అంటకుండా."

మామయ్య గ్లాసు కిందపెట్టి తమ తోట సంగతి చెప్పారు. ఒక ఏడు కాపు విపరీతంగా వచ్చిందట. రాతి కడీలు పాతి, తీగలు లాగి కట్టిన పందిరి. గుత్తుల బరువుకు తోడు గాలివాన కొట్టేసరికి ఒక పక్క కడీలు ఒరిగి, పందిరి మొత్తం నేల మీద పడిందట. "కాయంత మట్టిల గలిసింది. మా నాయిన మాట్లాడలే రెండు దినాలు" అన్నారు. చెప్పి లేచి డాబా మీదికి పోయారు. ట్యాంకు మూత తీసిన చప్పుడు వినపడింది.

ఆ తర్వాత అది అలవాటయింది. పొద్దున్నే ఆయన తలుపు దగ్గర ఆగేవారు, నేను టీ ఇచ్చేదాన్ని. "అంటుకున్నదా నిన్న?" అని అడిగేవారు. "అంటుకుంది మామయ్యా" అనేదాన్ని. అంతకుమించి మాటలుండేవి కావు చాలాసార్లు. ఇద్దరం తొందరగా తాగేసి లేచిపోయేవాళ్ళం, ఎవరో పిలుస్తున్నట్టు.

ల్యాబ్‌లో మొదట తేమను అనుమానించాం. సిలికా గింజ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాన్ని నైట్రోజన్‌లో ఎర్రగా కాగే కొలిమిలో గంటలకొద్దీ వేడిచేసి ఆ తడి పోగొట్టాలి. దాని మీద మావో అని మేము పొట్టిగా పిలుచుకునే అల్యూమినియం ద్రావణం పొయ్యాలి. అది గింజకు పట్టుకుంటుంది, జిర్కోనియాన్ని తను పట్టుకుంటుంది, దానికి పనిచేసే గుణాన్ని కూడా తనే ఇస్తుంది. నీటిచుక్క తగిలితే అంతా పాడు. బయట వాన, లోపల నైట్రోజన్. కొలిమి వేడి పెంచాం, గొట్టాలు మార్చాం, బిగింపులన్నీ కొత్తవి వేశాం. పొర తగ్గలేదు.

సార్ రోజూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "యాక్టివిటీ ఎంతొచ్చింది?" గ్రాము ఉత్ప్రేరకానికి ఎంత పాలిథీన్ వచ్చిందన్న లెక్క అది. మాది మంచి నంబరే. సార్ చెడ్డవారు కాదు. ఆ ప్రాజెక్టును పైవాళ్ళు ఎప్పుడు ఆపేస్తారో అని ఆయనకూ గుబులు. చలికాలం దాటాక ఒక పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు చూడ్డానికి వస్తారని, అప్పటికి నంబరు ఇంకా పెరగాలని ఆయన పట్టుదల.

నాకు వేరే అనుమానం మొదలైంది. పొర వస్తున్నది గింజల మీంచి కాదేమో. గింజకు గట్టిగా పట్టుకోని మావో కొంత, జిర్కోనియాన్ని వెంటబెట్టుకుని ద్రవంలోకి జారిపోతోందేమో. జారిపోయినది ఏ ఆధారమూ లేకుండా పనిచేసుకుంటూ పోతుంది, అక్కడ పుట్టిన పాలిథీన్ పోయి గోడకు పడుతుంది. తయారీలో చివర టోలుయీన్ అనే ద్రావకంతో కడిగే పని ఉంటుంది. మేము నంబరు తగ్గకూడదని దాన్ని మొక్కుబడిగా చేస్తున్నాం.

తేల్చుకోవడానికి సులువైన మార్గం ఉంది. ఉత్ప్రేరకాన్ని ద్రవంలో కొంతసేపు కలిపి, గింజలన్నిటినీ వడగట్టేసి, మిగిలిన తేట ద్రవానికి ఒక్కదానికే గ్యాసు పట్టాలి. అందులో ఏమీ లేకపోతే ఏమీ జరగదు. నా సహోద్యోగిని, నేను ఒక మధ్యాహ్నం అది చేశాం. గాజు పాత్ర ముందు నిలబడి చూస్తున్నాం. కాసేపు తేటగానే ఉంది. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. తర్వాత అడుగు నుంచి పొగలాగా మసక లేచింది. ఇంకాసేపటికి పాలలా అయిపోయింది.

"దొరికింది దొంగ" అంది ఆమె నెమ్మదిగా.

ఆ పాత్ర పట్టుకుని సార్ గదికి ఇద్దరం వెళ్ళాం. ఆయన పాత్ర వైపు చూశారు, మా వైపు చూశారు.

"అయితే ఏం చేద్దామంటావమ్మా?"

"మావోను గింజకు మరిగే టోలుయీన్‌లో పట్టిద్దాం సార్. తర్వాత వేడిగా రెండు మూడుసార్లు కడుగుదాం. పట్టుకోనిదంతా పోతుంది. అప్పుడు జిర్కోనియం పెడదాం."

"కడిగితే నంబరు పడిపోతుంది."

"పడుతుంది సార్. జారిపోయే దాని నంబరు కూడా మనం ఇన్నాళ్ళూ కలిపి చెప్పుకుంటున్నాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గోడ మనం గోక్కుంటాం. వాళ్ళు చూసేది నంబరు. అది ఇంకా అర్థం కాలేదా నీకు?"

"వాళ్ళ రియాక్టర్‌లో గోకడానికి మనం వెళ్ళలేం కదా సార్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "చేసి చూడు. నేను వద్దన్నానని అనుకోవద్దు, చెయ్యమన్నానని కూడా అనుకోవద్దు" అన్నారు. బయటికొచ్చాక నా సహోద్యోగిని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలో అనుమతి ఎంత ఉందో, బెదిరింపు ఎంత ఉందో ఇంటికి వచ్చేదాకా కొలుచుకుంటూనే ఉన్నాను. నాగోల్ దగ్గర సిగ్నల్ పడి పచ్చదీపం వచ్చినా బండి తియ్యలేదు, వెనకాయన హారన్ కొట్టాడు.

ఆ రోజుల్లోనే మామయ్య కింద షట్టర్ అద్దెకున్న జిరాక్సు షాపతనితో గొడవపడ్డారు. అతను చెత్తబుట్ట బయటపెట్టాడని మొదలై, చివరికి అతను ఖాళీ చేసి పోయేదాకా వచ్చింది. మా ఆయనకు కోపం వచ్చింది.

"బాపూ, నువ్వు ఇంట్ల కూసుంటే అయిపాయె గదా. ఎందుకు అందరి జోలికి పోతవ్?"

"కూసుంటే నడుము పడతది."

"టీవీ చూడు."

"టీవీల ఏముంటది చూసెతందుకు?" అన్నారు మామయ్య. ఆ మాట అనేసి గేటు వైపు నడిచారు. నాకే ఆ ఇంట్లో రెండు నిమిషాలు కూర్చోబుద్ధి కావడం లేదు, మామయ్యను ఏమనగలను?

కొత్త పద్ధతిలో ఉత్ప్రేరకం చెయ్యడానికి చాలా రోజులు పట్టింది. ఒకసారి గింజలు కొలిమిలో ఉండగా కరెంటు పోయి మొదటినుంచి చెయ్యాల్సొచ్చింది. ఒకసారి కడుగుతుంటే గింజలు జావలా అయిపోయాయి; మరీ గట్టిగా కలిపి వాటిని మేమే నలగ్గొట్టాం. మెల్లగా కలపడం నేర్చుకున్నాం. మొత్తానికి చలి తగ్గుతున్న రోజుల్లో, బజారులో ద్రాక్ష కనపడుతున్న వేళకు, ఒక సీసాడు పసుపుపచ్చని పొడి చేతికొచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు రావడానికి ఇంక వారం ఉంది.

పరీక్ష రోజు పొద్దున మామయ్య టీకి రాలేదు. గొళ్ళెం చప్పుడు మాత్రం విన్నాను. సందు చివరికి వెళ్ళి ఉంటారనుకుని నేను బయల్దేరిపోయాను. 

ల్యాబ్‌లో రియాక్టర్‌ను వేడెక్కించి, హెక్సేన్ ద్రవం నింపి, పొడి వేసి, గ్యాసు వదిలాం. గ్యాసు లోపలికి ఎంత పోతోందో చూపే గీత తెర మీద నెమ్మదిగా పైకి పాకింది. పాతదానిలా ఒక్కసారిగా ఎగరలేదు. పాకి, ఒక ఎత్తుకు చేరి, అక్కడ నిలబడింది. నేను ఆ గీతనే చూస్తుంటే ఫోన్ మోగింది. మా ఆయన.

"బాపు ఇంటికి రాలే. ఫోన్ ఇంట్లనే ఉన్నది. పక్కింటోళ్ళు చెప్పిన్రు, పొద్దున పోయిండట. ఇంతసేపు ఎన్నడు గాలే."

"బస్టాండు దగ్గర చూశారా?"

"నేను బ్యాంకుల ఉన్న. సెలవు చెప్పి వస్త. గంట పడతది. నువ్వు జర పోతవా?"

నేను తెర వైపు చూశాను. గీత అక్కడే నిలబడి ఉంది. ఎన్ని నెలల తర్వాతో నిలబడింది. నా సహోద్యోగిని నా మొహం చూసి చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"నువ్వు పో అక్కా. నేను చూసుకుంట. మూత తీసినంక ఫోన్ జేస్త."

బండి మీద కొత్తపేట వచ్చేదాకా నాకు రెండు భయాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండంతా చూశాను. మెట్రో మెట్లెక్కి దిగాను. చివరికి పాత మార్కెట్టు జాగా దగ్గరికి వెళ్ళాను. చుట్టూ రేకులు కట్టి లోపల పెద్ద దవాఖాన కడుతున్నారు. అక్కడే ఎక్కడో నిలబడి ఉంటారని నా నమ్మకం. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను.

"ముసలాయననా? తెల్లంగి? రోజు ఒస్తడమ్మా. ఈడ నిలవడి చూస్తడు. ఇయ్యాల రాలే."

రోజూ వస్తారని నాకు తెలీదు. ఎండలో నిలబడి, ఇంక ఎటు పోవాలో తోచక బండి తాళాలు తిప్పుకుంటుంటే మళ్ళీ మా ఆయన ఫోన్ చేశాడు. కొత్త మార్కెట్టు నుంచి ఒక వ్యాపారి ఆయనకు ఫోన్ చేశాడట. ఒకప్పుడు మామయ్య పక్క దుకాణం అతనిదే. "మీ బాపు ఈడనే ఉన్నడు, పరేషాన్ గాకున్రి" అన్నాడట.

ఎల్బీనగర్ దాటి, వనస్థలిపురం దాటి, లారీల మధ్యలోంచి వెళ్ళాను. వెళ్ళేసరికి మామయ్య ఒక షెడ్డులో ద్రాక్ష పెట్టెల ముందు కూర్చుని, ఒక గుత్తి పైకెత్తి వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. నన్ను చూసి గుత్తి కింద పెట్టారు. మొహం చిన్నబోయింది.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా? నేనేమన్న పోరడినా తప్పిపోయెతందుకు?"

"ఫోన్ ఇంట్లో వదిలేశారు మామయ్యా."

"బస్సు కనవడ్డది. ఎక్కిన" అన్నారు. గుత్తిని పెట్టెలో సర్దుతూ, "ఇయ్యాల ద్రాక్ష లోడ్ ఒస్తదని మొన్ననే విన్న. ఆగలేకపోయిన" అన్నారు.

నాకు కోపం రావాలి. రాలేదు. అక్కడే ఒక ఖాళీ పెట్టె మీద కూర్చున్నాను. వ్యాపారి మజ్జిగ తెప్పించాడు.

తిరిగి వస్తూ హయత్‌నగర్ దగ్గర టీ కొట్టు ముందు ఆగాం. బండి వెనక కూర్చుని కూర్చుని ఆయన మోకాళ్ళు పట్టేశాయి. అక్కడ ఉండగానే నా సహోద్యోగిని నుంచి వీడియో వచ్చింది. తెరిచాను. రియాక్టర్ మూత లేస్తోంది. లోపల ఉక్కు గోడ, కడిగిన గిన్నెలా మెరుస్తోంది. కిందికి వంచితే తెల్లటి పొడి జలజలా జారి పళ్ళెంలో పడింది. వెనక ఆమె గొంతు: "చూడు అక్కా, గోడకు ఏం లేదు."

మామయ్య నా భుజం మీంచి తొంగి చూశారు. "మల్ల పెట్టు" అన్నారు. మళ్ళీ పెట్టాను.

"సగ్గుబియ్యం లెక్క ఉన్నది" అన్నారాయన. "ఏ గింజకు ఆ గింజ. మంచిగ జేసిన్రు."

అంతవరకూ ఆ పని గురించి నాకెవరూ ఆ మాట అనలేదు. టీ చల్లారిపోయింది, అట్లాగే తాగేశాను.

నంబరు పడిపోయింది, సార్ చెప్పినట్టే. ఆయన ఆ రోజు నాతో పెద్దగా మాట్లాడలేదు. ఫ్యాక్టరీవాళ్ళు వచ్చిన రోజు ఆయనే ముందు నంబరు చెప్పారు, కొంచెం గొంతు తగ్గించి. వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఒకరు నంబరు విని, పొడిని గుప్పెట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చారు. "గోడ ఎలా ఉంటోంది?" అని అడిగారు. సార్ నా వైపు చూసి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు. వడగట్టిన తేట ద్రవం సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఇప్పుడు అదే పరీక్ష చేస్తే ద్రవం తేటగానే ఉండిపోతోందని చూపించాను. సాయంత్రం వాళ్ళు వెళ్ళాక సార్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏదో చెబుతారనుకున్నాను. "కడగడం ఇంకోసారి పెంచి చూస్తే ఎలా ఉంటుంది?" అన్నారు. అంతే.

అలా ఆ వేసవిలో నన్ను గుజరాత్‌లో వాళ్ళ ట్రయల్ ప్లాంటుకు పంపారు. అక్కడ ద్రవం ఉండదు; గింజలు గ్యాసులోనే ఎగురుతూ పెరుగుతాయి. ఒకదానికొకటి రాసుకుని కరెంటు పుట్టి గోడకు పట్టేస్తాయేమోనని కొత్త భయం. రియాక్టర్ రెండంతస్తుల ఎత్తు. మెట్లెక్కుతూ దిగుతూ ఉండేదాన్ని. పొర కడితే అక్కడ గోడ వేడెక్కుతుంది; మొదటి వారం ఆ వేడి చూపే ముల్లు కొంచెం కదిలినా దగ్గరికి పరుగెత్తేదాన్ని. అక్కడివాళ్ళు నన్ను చూసి, కూర్చోండి మేడమ్ అని కుర్చీ వేసేవారు. వేసిన కుర్చీ వేసినట్టే ఉండేది.

ఇంటి దగ్గర జిరాక్సు షాపు ఖాళీ చేసిన షట్టర్‌ను మామయ్య ఎవరికీ ఇవ్వనివ్వలేదు. పండ్లు పెట్టారు. కొత్త మార్కెట్టుకు రోజూ తెల్లవారుజామున ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయి వస్తున్నారని మా ఆయన చెప్పాడు. మార్కెట్టు దూరమని, అక్కడ నీడ లేదని, సరుకు బాగాలేదని ఇంటికొచ్చి తిడతారట. మర్నాడు మళ్ళీ పోతారట. మోకాళ్ళకు ఇంజెక్షన్ వేయించుకోమంటే వినడం లేదట.

ప్లాంటులో మా పొడితో మొదటి బస్తాలు నిండిన రోజు, గోడ చల్లగానే ఉందని తేలాక, ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆయన ఫోన్ తియ్యలేదు, మీటింగులో ఉన్నాడు. మామయ్యకు చేశాను. చాలాసేపు మోగి తీశారు. వెనక బస్సు హారన్లు, ఎవరో ధర అడుగుతున్న గొంతు.

"మామయ్యా, ఇక్కడ ట్రయల్ బాగా జరిగింది. గోడకు ఏమీ..."

"ఆఁ, మంచిది బిడ్డా. జర ఆగు, గిరాకీ ఉన్నది. నేను మల్ల జేస్త" అని ఫోన్ పెట్టేశారు.